టచ్ ఫుటీలో దెబ్బలు: మోకాలు, పిక్క, మణికట్టు, వేళ్లు. ఆస్ట్రేలియాలో ఆడుతున్న తెలుగువాళ్లు మీ అనుభవం చెప్పండి

కృష్ణాతీరం (సిడ్నీ)
అందరికీ నమస్కారం. వెస్ట్రన్ సిడ్నీలో వారం మధ్యలో సాయంత్రాలు టచ్ ఫుటీ ఆడే మనవాళ్లు చాలామందే ఉన్నారని ఇక్కడ అడుగుతున్నాను. మాది ఆఫీసువాళ్లం కలిసి వేసుకున్న మిక్స్‌డ్ టీమ్. దాదాపు అందరం ముప్పై దాటినవాళ్లమే, రోజంతా కుర్చీలో కూర్చుని సాయంత్రం అదే ఒంటితో గ్రౌండ్‌కి పరిగెత్తేవాళ్లం. చేరేటప్పుడు అందరూ చెప్పింది ఒక్కటే మాట, ఇది రగ్బీ కాదు, ట్యాకిల్ (పట్టుకుని పడేయడం) ఉండదు, చెయ్యి తగిలిస్తే చాలు, దెబ్బలేం తగలవు అని. ఈ సీజన్‌లో చూస్తే ఒకతనికి పిక్క పట్టేసింది, ఒకమ్మాయికి వేలు వాచిపోయింది, పోయిన వారం నాకు మోకాలు. నన్నెవరూ ఢీకొట్టలేదు. బంతితో కుడివైపు పోతూ ఎడమకి తిరగబోయాను, పాదం గడ్డిలో అలాగే ఉండిపోయింది, ఒళ్లు మాత్రం తిరిగింది, మోకాలి లోపల టప్‌మని శబ్దం. ఇంటికొచ్చేసరికి మోకాలు కొబ్బరికాయంత అయింది. జీపీ, అంటే మా ఫ్యామిలీ డాక్టర్, ఎమ్మారైకి రాశారు, ఇంకా తీయించలేదు.

అమ్మ ఫోన్‌లో ఒకటే గోల, హైదరాబాద్ వచ్చెయ్, ఇక్కడే ఆపరేషన్ చేయించుకో, నేను చూసుకుంటాను అని. ఇక్కడి స్నేహితులు అసలు ఆపరేషనే అక్కర్లేదేమో అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

ఫిజియో_అక్క (పారమట్ట)
తమ్ముడూ, చూడకుండా ఇదీ జబ్బు అని నేను చెప్పలేను కానీ, నువ్వు చెప్పిన మూడు విషయాలు, అంటే ఎవరూ తగలకుండా దిశ మారుస్తుంటే కావడం, శబ్దం రావడం, గంటా రెండు గంటల్లోనే వాచిపోవడం, ఈ మూడూ కలిస్తే ఏసీఎల్ (మోకాలి లోపల రెండు ఎముకల్ని కలిపి పట్టే లిగమెంటు) తెగిందేమోనని ముందు అనుమానించాలి. అంత త్వరగా వాపు వచ్చిందంటే చాలావరకు కీలు లోపల రక్తం చేరిందని. మామూలు బెణుకైతే వాపు మర్నాటికి మెల్లగా వస్తుంది.

ఎమ్మారై సంగతి. వయసు 16 నుంచి 49 లోపు ఉండి, మోకాలికి కొత్తగా దెబ్బ తగిలి, జీపీ పరీక్షలో ఏసీఎల్ అనుమానం వచ్చినా, కాలు పూర్తిగా చాపలేకపోయినా, జీపీ రాసిన ఎమ్మారైకే మెడికేర్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) రిబేట్ వస్తుంది. స్పెషలిస్టు దాకా పోనక్కర్లేదు. బుక్ చేసేటప్పుడు బల్క్ బిల్లింగ్ (మన జేబులోంచి ఏమీ కట్టకుండా బిల్లు నేరుగా మెడికేర్‌కి పంపడం) ఉందా అని అడుగు, సెంటర్ని బట్టి మారుతుంది. కాలు ఒకచోట ఇరుక్కుపోయి చాపలేకపోతున్నావంటే మాత్రం ఆగొద్దు, నెలవంక లాంటి మృదులాస్థి చిరిగి మధ్యలో అడ్డం పడి ఉండొచ్చు, త్వరగా చూపించుకోవాలి.

ఇంకొకటి, అమ్మ చెప్పిందని వేడి కాపడం పెట్టకు. మొదటి రెండు మూడు రోజులు కాపడం, గట్టిగా మర్దనా, మందు, మూడూ వద్దు. మందు అంటే తాగే మందు, బీరు కూడా. క్రేప్ బ్యాండేజీ చుట్టి, కాలు ఎత్తులో పెట్టుకుని, నొప్పి లేనంతవరకు మెల్లగా వంచుతూ చాపుతూ ఉండు. తొడ ముందు కండరం బిగించి వదలడం ఈరోజే మొదలుపెట్టు. వాపు ఉన్న మోకాలి మీద ఆ కండరం వారం తిరిగేసరికి చిక్కిపోతుంది, మళ్లీ తెచ్చుకోవడానికి నెలలు పడుతుంది.

బ్రిస్బేన్_బాబాయ్
నేను ఇక్కడ పాతికేళ్లుగా టచ్ ఆడుతున్నాను, ఇప్పుడు రిఫరీగా ఎక్కువ. ఈ "దెబ్బలు తగలవు" అనే మాట ఎక్కడినుంచి వచ్చిందో చెప్తాను. అరవైల్లో సిడ్నీలో రగ్బీ లీగ్ ఆటగాళ్లు ఒళ్లు హూనం కాకుండా ప్రాక్టీసు చేసుకోవడానికి ఆడుకున్న ఆట ఇది, 1968లో సౌత్ సిడ్నీలో క్లబ్ పెట్టి దీన్ని సొంతంగా ఒక ఆటగా నిలబెట్టారు. లీగ్‌లో ఒళ్లు పగలగొట్టుకునేవాళ్లకి ఇది మెత్తటి ఆటే. కుర్చీలోంచి లేచి వచ్చినవాడికి కాదు.

ఆట తీరు చూడండి. గ్రౌండ్ 70 మీటర్లు పొడవు, 50 వెడల్పు, లోపల ఒక్కో టీమ్‌కి ఆరుగురే. ప్రతి టచ్ తర్వాత డిఫెన్స్ వాళ్లు 7 మీటర్లు వెనక్కి పోవాలి, వెంటనే మళ్లీ ముందుకి దూసుకురావాలి. పాత నియమంలో అది 5 మీటర్లే ఉండేది. అంటే ఇరవై నిమిషాల హాఫ్‌లో ఎన్నిసార్లు వెనక్కి ముందుకి, ఎన్నిసార్లు సడన్ బ్రేకు! దెబ్బ కొట్టేది ఎదుటివాడు కాదు, మన బ్రేకే మనల్ని కొడుతుంది. ట్యాకిల్ లేదు కాబట్టి తప్పించుకోవడానికి ఉన్న ఒకే దారి అడుగు మార్చడం, మోకాలికి అన్నిటికన్నా చెడ్డ కదలిక అదే.

నేను కళ్లారా చూసేది ఇంకోటి ఉంది. సబ్‌స్టిట్యూషన్‌కి లెక్కే లేదు, స్క్వాడ్‌లో 14 మంది దాకా ఉండొచ్చు, ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి రావచ్చు. పెద్ద స్థాయిలో ఆడేవాళ్లు రెండు మూడు నిమిషాలకే బయటికి వచ్చేస్తారు. మనవాళ్లేమో ఏడుగురితో వచ్చి, డబ్బులు కట్టాం కదా అని హాఫ్ మొత్తం లోపలే ఉంటారు. పదిహేనో నిమిషంలో కాళ్లు మాట వినవు, పిక్కలు, హ్యామ్‌స్ట్రింగులు (తొడ వెనక కండరాలు) అప్పుడే పోతాయి. టీమ్ పెట్టేవాళ్లు కనీసం పదిమందిని వెతకండయ్యా.

ఓరుగల్లు_పిల్ల (మెల్‌బోర్న్)
అమ్మాయిల సంగతి ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి నేను రాస్తున్నా. ఇదే తరహా ఆటల్లో మగవాళ్లకన్నా ఆడవాళ్లకి ఏసీఎల్ తెగే అవకాశం చాలా ఎక్కువ, దాదాపు రెండు మూడు రెట్లు అని స్పోర్ట్స్ డాక్టర్లు చెప్తారు. మిక్స్‌డ్‌లో మైదానంలో మగవాళ్లు ముగ్గురికి మించకూడదు, అంటే కనీసం సగం మంది ఆడవాళ్లే. అయినా మా టీమ్‌లో వార్మప్ అంటే మగపిల్లలు దూరం నుంచి బంతి విసురుకోవడం, మేము పక్కన నిలబడి చూడటం. నేను గొడవ పెట్టుకుని మార్పించాను. సైడ్‌లైన్ మీద దూకి రెండు మోకాళ్లూ లోపలికి వాలకుండా దిగడం, ఒంటికాలి మీద ఆగడం, ఇవి చేయిస్తున్నా. నెట్‌బాల్ ఆస్ట్రేలియా వాళ్ల KNEE ప్రోగ్రామ్ (మోకాలి దెబ్బలు తగలకుండా చేసే వ్యాయామాలు) ఉచితంగా వాళ్ల సైట్‌లోనే ఉంది, వీడియోలతో సహా. అందులోంచి తీసుకున్నాను.

తర్వాత నగలు. నియమాల ప్రకారం నగలు పెట్టుకుని ఆడకూడదు, గోళ్లు పొడుగ్గా ఉండకూడదు. నల్లపూసలు, ముక్కుపుడక, గాజులు సరే, ఇవి రిఫరీకి కనిపిస్తాయి. మెట్టెలు షూలో ఉంటాయి కాబట్టి ఎవరూ అడగరు. మా టీమ్‌లో ఒక అక్క మెట్టెలతోనే ఆడింది, ఎవరో షూ అడుగు బొడిపెతో (స్టడ్) తొక్కారు, వేలు ఉబ్బిపోయి మెట్టె చర్మంలోకి దిగబడింది, ఎమర్జెన్సీలో కట్టర్‌తో కోసి తీశారు. అత్తగారు ఏమంటారో అని ఏడ్చింది పాపం, నొప్పికి కాదు. అక్కలూ చెల్లెళ్లూ, ఆ గంటసేపు తీసి డబ్బాలో పెట్టుకోండి. టేప్ వేస్తే సరిపోతుంది అనుకోవద్దు, టేప్ వాపుని ఆపదు.

నెల్లూరోడు (సిడ్నీ)
బాబాయ్ చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. నేను ఇంటర్ దాకా కబడ్డీ ఆడాను, చెయ్యి తగిలించి తప్పించుకోవడం అలవాటే కదా అనుకుని దిగాను, కానీ కబడ్డీ కోర్టు చిన్నది, ఇక్కడ నలభై మీటర్లు పూర్తి స్పీడులో పరిగెత్తాలి. హ్యామ్‌స్ట్రింగ్ రెండుసార్లు పోయింది, రెండోసారి మొదటి చోటే. నొప్పి పోయింది కదా అని దిగితే అంతే. నొప్పి తగ్గడం వేరు, ఆ కండరం మళ్లీ పరుగుకి తయారవడం వేరు.

ఇప్పుడు నార్డిక్ చేస్తున్నాను. మోకాళ్ల మీద కూర్చుని, మడమలు ఎవరితోనైనా పట్టించుకుని, నడుం వంచకుండా వీలైనంత నిదానంగా ముందుకి వాలడం. సోఫా కింద కాళ్లు ఇరికించి కూడా చేయొచ్చు. ఇది క్రమంగా చేసే టీముల్లో హ్యామ్‌స్ట్రింగ్ దెబ్బలు దాదాపు సగానికి తగ్గాయని పరిశోధనల్లో తేలింది. మొదటి వారం తొడలు పట్టేసి మెట్లు ఎక్కలేరు, అందుకని మ్యాచ్ ముందురోజు మొదలుపెట్టకండి.

మాధాపూర్_టు_మెల్‌బోర్న్
ఇన్సూరెన్స్ గురించి రాస్తున్నా, ఇది అందరూ చదవండి. ఎఫిలియేటెడ్ (టచ్ సంఘానికి అనుబంధంగా నడిచే) కాంపిటీషన్‌లో రిజిస్టర్ అయి ఆడితే ఫీజులోనే స్పోర్ట్స్ ఇంజురీ కవర్ ఉంటుంది. అందరూ అన్నీ వస్తాయనుకుంటారు. రావు. మెడికేర్ పరిధిలోకి వచ్చే దేనికీ, మెడికేర్ ఇచ్చింది పోను మనం కట్టే గ్యాప్ సహా, ఆ పాలసీ డబ్బు ఇవ్వదు. కంపెనీ పిసినారితనం కాదు, ఆస్ట్రేలియా చట్టమే ఒప్పుకోదు. అంటే సర్జన్ ఫీజు, అనస్థీషియా, ఎమ్మారై రావు. ఫిజియో, మోకాలి బ్రేస్, పంటి దెబ్బలు లాంటివి పరిమితికి లోబడి కొంత శాతం వస్తాయి. ఎంతనేది మీ పాలసీ కాగితంలో చూసుకోండి, ఎక్సెస్ (ముందు మనమే కట్టుకోవాల్సిన మొత్తం) కూడా ఉంటుంది. పార్కులో స్నేహితులతో ఊరికే ఆడితే అదీ లేదు.

టెంపరరీ వీసా మీద ఉన్నవాళ్లకి, స్టూడెంట్లకి ఇంకా జాగ్రత్త. మెడికేర్ లేదు కాబట్టి మీ ఓవర్సీస్ కవరే దిక్కు. కొన్ని చౌక పాలసీల్లో కీళ్ల ఆపరేషన్లు ఉండవు, ఉన్నా పాత జబ్బు అంటే ఏడాది వెయిటింగ్. నాకు చీలమండ విరిగినప్పుడు నా ఇన్సూరెన్స్ కంపెనీ, పేరు వద్దులెండి, నాలుగు నెలలు తిప్పింది, ఇది మీరు పాలసీ తీసుకోకముందునుంచి ఉన్న సమస్య అంటూ. విరిగిన ఎముక ముందునుంచి ఎలా ఉంటుంది? చివరికి ఎమర్జెన్సీలో తీసిన ఎక్స్‌రే, క్లబ్ ఇన్సిడెంట్ రిపోర్టు కలిపి పంపితే కదిలింది. అందుకే చెప్తున్నా, దెబ్బ తగిలిన రాత్రే రిపోర్టు రాయించి రిఫరీ సంతకం పెట్టించుకోండి.

అంబులెన్స్ కూడా. క్వీన్స్‌లాండ్ వాళ్లకి ప్రభుత్వమే ఇస్తుంది. మా విక్టోరియాలో, న్యూ సౌత్ వేల్స్‌లో కవర్ లేకపోతే బిల్లు ఇంటికొస్తుంది.

కృష్ణాతీరం
అందరికీ థ్యాంక్స్. ఎమ్మారై అయింది. ఏసీఎల్ పూర్తిగా తెగిందట, నెలవంక మృదులాస్థి బాగానే ఉందట. సర్జన్ అపాయింట్‌మెంట్ వచ్చే నెల. ఈలోపు హైదరాబాద్ టికెట్ బుక్ చేయాలా వద్దా? అక్కా, ఆపరేషన్ లేకుండా బాగవుతుందా నిజంగా?

ఫిజియో_అక్క
పూర్తిగా చెప్తాను, కొంచెం పొడుగు అవుతుంది. స్వీడన్‌లో 121 మంది చురుగ్గా ఆటలాడే యువకుల మీద ఒక పరిశోధన చేశారు, 2010లో వచ్చింది. సగం మందికి త్వరగా ఆపరేషన్, సగం మందికి ముందు రిహాబ్ (వ్యాయామాలతో కాలికి బలం తెచ్చుకోవడం), అవసరమైతేనే తర్వాత ఆపరేషన్. రెండేళ్లకి రెండు గుంపుల మోకాళ్లూ దాదాపు ఒకేలా ఉన్నాయి, రిహాబ్ గుంపులో 60 శాతానికి పైగా ఆపరేషన్ లేకుండానే గడిపారు. ఐదేళ్లకి మాత్రం ఆ గుంపులో సగం మంది చేయించుకున్నారు. కాబట్టి ఆపరేషన్ అక్కర్లేదు అన్నవాళ్లూ, తప్పదు అన్నవాళ్లూ, ఇద్దరూ పూర్తి నిజం చెప్పట్లేదు. నీ నెలవంక బాగుంది, కాలు లాక్ అవట్లేదు, కాబట్టి తొందరపడాల్సిన అవసరం లేదు. మూడు నెలలు గట్టిగా రిహాబ్ చెయ్. మెట్లు దిగుతుంటే, కారు ఎక్కుతుంటే మోకాలు జారిపోతోందా చూసుకో. జారుతుంటే ఆపరేషన్ మంచిది, ఎందుకంటే జారిన ప్రతిసారీ మృదులాస్థి నలుగుతుంది. ఆ మూడు నెలలు వృథా కాదు, ఆపరేషన్‌కి బలమైన కాలుతో వెళ్లినవాళ్లు త్వరగా కోలుకుంటారు.

ఆస్ట్రేలియాలో ఈ ఆపరేషన్ మరీ ఎక్కువ చేస్తారు. 2000 నుంచి 2015 మధ్య దాదాపు 2 లక్షలు జరిగాయి, పాతికేళ్లలోపు వాళ్లలో ఆ రేటు 74 శాతం పెరిగింది. అందుకని ఇక్కడ సర్జన్ దగ్గరికి వెళ్తే ఆపరేషన్ మాటే ముందు వినిపిస్తుంది, కంగారు పడకు.

ఆపరేషన్ అయినా కాకపోయినా ఒక్క విషయంలో నేను మొండిగా ఉంటాను. తొమ్మిది నెలల లోపు ఎవరినీ గ్రౌండ్‌లోకి పంపను. నార్వే, అమెరికా వాళ్లు కలిసి చేసిన పరిశోధనలో, తొమ్మిది నెలల దాకా ఒక్కో నెల ఆగినకొద్దీ మళ్లీ దెబ్బ తగిలే ప్రమాదం దాదాపు సగానికి తగ్గుతూ వచ్చింది. క్యాలెండర్ ఒక్కటే చాలదు. ఒంటికాలి గెంతులో, తొడ బలంలో రెండు కాళ్ల మధ్య తేడా పది శాతంలోపుకి రావాలి.

కూకట్‌పల్లి_కుర్రాడు (సిడ్నీ)
నేను హైదరాబాద్‌లోనే చేయించుకున్నాను, అందుకని రాస్తున్నా. ఆపరేషన్ చాలా బాగా చేశారు, సర్జన్ ఓపిగ్గా చెప్పారు, ఖర్చు ఇక్కడి ప్రైవేట్‌తో పోలిస్తే ఎంతో తక్కువ. ఇంటి భోజనం, అమ్మ, నాన్న, చెల్లి, ఎవరో ఒకరు పక్కనే ఉన్నారు. ఆ మొదటి రెండు వారాలు ఇక్కడ ఒక్కడినే ఉంటే స్నానానికి కూడా ఇబ్బందయ్యేది.

కష్టం తర్వాత మొదలైంది. లీవు అయిపోయి ఆరో వారంలో తిరిగొచ్చాను. ఇక్కడి ఫిజియోకి ఆపరేషన్ కాగితం చూపిస్తే ఏ గ్రాఫ్ట్ (తెగినదాని బదులు పెట్టే తంతువు) వాడారో రాసి లేదు, దేనికి పనికొస్తుంది? వాట్సాప్‌లో అడిగి తెప్పించుకునేసరికి ఇంకో వారం. వెళ్లేవాళ్లు ఆపరేషన్ నోట్స్ పూర్తిగా, ఫోటోలతో సహా, డిశ్చార్జి రోజే తీసుకోండి. తిరుగు ప్రయాణం తొందరగా పెట్టుకోవద్దు, కాలి ఆపరేషన్ తర్వాత పద్నాలుగు గంటలు విమానంలో కూర్చుంటే పిక్కలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది, ఎన్నాళ్లు ఆగాలో సర్జన్‌నే అడగండి. మీకు ఇక్కడ చూసుకునే మనిషి ఉంటే ఇక్కడే చేయించుకోండి. లేకపోతే అమ్మ దగ్గరికే వెళ్లండి, అందులో తప్పేం లేదు.

పెర్త్_పెద్దన్న
నలభై దాటినవాళ్ల కోసం ఒక మాట. మడమ వెనక అకిలీస్ తెగితే వింతగా ఉంటుంది, ఎవరో వెనకనుంచి తన్నినట్టు అనిపిస్తుంది. నేను తిరిగి చూసి రిఫరీతో గొడవకి దిగబోయాను, వెనక ఎవరూ లేరు. నొప్పి కూడా పెద్దగా లేదు, అందుకే చాలామంది పిక్క పట్టేసింది అనుకుని ఇంటికి పోతారు. మనిషిని బోర్లా పడుకోబెట్టి, పాదాలు మంచం అంచు దాటి వేలాడేలా ఉంచి, పిక్కని చేత్తో నొక్కాలి. పాదం కదిలితే సరే. కదలకపోతే ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లాలి, ఆలస్యమైతే రెండు కొసలూ దూరం జరిగిపోతాయి.

సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ వాడుతున్నప్పుడు ఈ తంతువు బలహీనపడుతుందని మందు కాగితం మీదే హెచ్చరిక ఉంటుంది. మనవాళ్లు ఇండియానుంచి తెచ్చుకుని కడుపు పాడైతే వేసేసుకుంటారు. అది వేసుకున్న రోజుల్లో, ఆ తర్వాత కొన్ని వారాలు కూడా పరుగు పందేలు పెట్టుకోవద్దు.

చిత్తూరు_చిన్నోడు (క్యాన్‌బెరా)
వెనక్కి పోతూ గడ్డిలో తట్టుకుని పడ్డాను, చెయ్యి నేలకి ఆనించాను. మణికట్టు దగ్గర బొటనవేలి వైపు నొప్పి, ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. తాత పుత్తూరు కట్టు వేయించుకో అంటాడు, వచ్చే నెల ఎటూ ఊరెళ్తున్నా. అప్పటిదాకా ఓర్చుకోవచ్చా?

ఫిజియో_అక్క
ఓర్చుకోకు. బొటనవేలు పైకి చాపితే దాని మొదట్లో రెండు తంతువుల మధ్య గుంట పడుతుంది చూడు, అక్కడ నొక్కితే నొప్పి ఉందా? ఉంటే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగి ఉండొచ్చు. మొదటి ఎక్స్‌రేలో అది కనిపించకపోవడం మామూలే, అందుకే స్ప్లింట్ (కదలకుండా పట్టే బద్ద) వేసి, పది పద్నాలుగు రోజులకి మళ్లీ తీస్తారు, లేదా ఎమ్మారై తీస్తారు. ఆ ఎముకకి రక్తం ఒకవైపునుంచే అందుతుంది, అతకకుండా వదిలేస్తే లోపల చచ్చుబడుతుంది, తర్వాత మణికట్టు జీవితాంతం బాధపెడుతుంది. పుత్తూరు కట్టు మీద మీ తాతగారికున్న నమ్మకాన్ని నేను కాదనను, మా ఇంట్లోనూ వేయించుకున్నవాళ్లున్నారు. కానీ ఈ ఎముకకి చూడకుండా కట్టు కట్టడం పనికిరాదు. నెల ఆగకుండా రేపే జీపీ దగ్గరికి వెళ్లు.

బ్రిస్బేన్_బాబాయ్
తలల సంగతి కూడా చెప్పాలి. ఇద్దరు డిఫెండర్లు ఒకే మనిషిని టచ్ చేయబోయి తల తల కొట్టుకోవడం ప్రతి సీజన్‌లో చూస్తాను. తల తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా, ఏ ప్రశ్నకైనా తేడాగా జవాబిచ్చినా ఆ రోజుకి ఆట అయిపోయినట్టే. 2024లో ఆస్ట్రేలియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్ ఇచ్చిన మార్గదర్శకాల్లో, మామూలు క్లబ్ ఆటగాళ్లయితే దెబ్బ తగిలినప్పటినుంచి కనీసం 21 రోజులు మ్యాచ్ ఆడకూడదని ఉంది, ఏ లక్షణమూ లేకుండా 14 రోజులు గడిచాకే ఢీకొనే ప్రాక్టీసు. "నేను బానే ఉన్నా అంకుల్" అంటూ మళ్లీ లోపలికి వచ్చే కుర్రాళ్లని నేను ఒప్పుకోను, తిట్టుకున్నా పర్వాలేదు.

నెల్లూరోడు
షూల గురించి అడగడం మర్చిపోయాను. నాకు పాత ఫుట్‌బాల్ బూట్లున్నాయి, మర స్టడ్‌లవి. వాడొచ్చా?

బ్రిస్బేన్_బాబాయ్
ఒప్పుకోరు. మర బిగించే స్టడ్‌లు నిషేధం. అచ్చుపోసిన సోల్ అయి ఉండాలి, స్టడ్ 13 మిల్లీమీటర్లకి మించకూడదు. ఎండాకాలం గట్టి నేల మీద చిన్న చిన్న బొడిపెలున్న టచ్ షూలు చాలు, పొడుగు స్టడ్‌లు గడ్డిని పట్టేసుకుంటాయి, కృష్ణాతీరం చెప్పినట్టు పాదం ఆగి మోకాలు తిరిగేది అలాగే.

ఓరుగల్లు_పిల్ల
అక్కా, చివరగా నాదో ప్రశ్న. నిన్న బంతి వేలి కొనకి తగిలింది, ఉంగరపు వేలు చివరి కణుపు కిందికి వాలిపోయింది, నొప్పి లేదు కానీ నేనుగా ఎత్తలేకపోతున్నా, ఇంకో చేత్తో ఎత్తితే లేస్తోంది.

ఫిజియో_అక్క
మాలెట్ ఫింగర్ లాగుంది. వేలిని ఎత్తే తంతువు కొన దగ్గర తెగింది. ఎక్స్‌రే తీయించి ఎముక ముక్క ఊడిందేమో చూడాలి. తర్వాత చివరి కణుపుని నిటారుగా ఉంచే స్ప్లింట్, ఆరు నుంచి ఎనిమిది వారాలు, రాత్రీ పగలూ. ఈ మధ్యలో ఒక్కసారి ఆ కణుపు వంగినా లెక్క మళ్లీ మొదటినుంచే, కాబట్టి స్నానం తర్వాత స్ప్లింట్ మార్చేటప్పుడు వేలిని బల్ల మీద ఆనించి చదునుగా ఉంచుకునే మార్చు. అన్నం కలపడానికి ఎడమ చెయ్యో స్పూనో అలవాటు చేసుకో. ఆ వేలికి ఉంగరం ఉంటే ఇది చదవగానే, ఇంకా వాపు ఎక్కకముందే, సబ్బు రాసి తీసెయ్.